అన్నిట్లో వేలు పెట్టే ఆర్డిస్

ఆర్డిస్ హోవ్‌లాండ్ అన్నిట్లో వేలు పెట్టేది. ఇది నిందగా అనడం లేదు. నిజంగానే పెట్టేది, కుడిచేతి బొటనవేలు. రొట్టె కానీ, జున్ను కానీ, దిండు, సోఫా, కారు టైరు, పక్కింటివాళ్ల గుమ్మడికాయ ఏదైనా కానీ, కంటపడితే చాలు, దగ్గరికి వెళ్లి కళ్లు మూసుకుని నొక్కేది. నొక్కి తీసేస్తే కొంత నయం. ఆర్డిస్ తీసేది కాదు. లోపలివాళ్లు వచ్చి తలుపు తీసేదాకా కాలింగ్ బెల్ మీద వేలు ఉంచేవాళ్లలాగా, ఆ వస్తువు ఏదో ఒక జవాబు చెప్పేదాకా అలాగే నిలబడేది. ఆ తర్వాత కళ్లు తెరిచి తీర్పు చెప్పేది. "మొండిది" అనో, "మాట వింటుంది" అనో.

అమెరికాలో పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న డులూత్‌లో, కొండ మీది మా యూనివర్సిటీలో ఆవిడ ప్రొఫెసరు. నేను ఆవిడ ల్యాబుకు మేనేజరుని. సామాను తెప్పించడం, ఫ్రిజ్‌లు పాడవకుండా చూసుకోవడం, ప్రొఫెసరుగారు నొక్కిన వస్తువుల తాలూకు జనానికి క్షమాపణ చెప్పడం నా పనులు. ఈ మూడోది ఉద్యోగంలో చేరేటప్పుడు నాకెవరూ చెప్పలేదు.

మా కొండ దిగువన ఒక బేకరీ ఉంది. ఒక పొద్దున ఆర్డిస్‌తో పాటు నేనూ వెళ్లాను. కౌంటరు మీద కొత్తగా చేరిన అమ్మాయి ఉంది.

"అమ్మా, మీరు నొక్కిన రొట్టె మీరే కొనుక్కోవాలి" అందా అమ్మాయి.

"నేను గట్టిగా నొక్కలేదే."

"వేలి గుంట పడింది, చూడండి."

"కాసేపట్లో పైకి లేస్తుంది. లేవకపోతే అది మీ రొట్టె తప్పు. పిండి సరిగా పొంగలేదన్నమాట."

"అది లేచేదాకా ఎవరు నిలబడతారమ్మా?"

"నేను నిలబడతాను" అంది ఆర్డిస్. నిలబడింది కూడా. మా వెనక వరస గుమ్మం దాటి మంచులోకి పోయింది. గుంట లేచింది కానీ పూర్తిగా లేవలేదు. ఎవరిది తప్పో తేలక, చివరికి ఆ రొట్టె మేమే కొనుక్కొచ్చాం. అప్పటినుంచి నొక్కినవన్నీ కొనడం ఆవిడకు అలవాటైంది, గుంటలు పడిన రొట్టె తినడం ల్యాబులో మాకు అలవాటైంది. "గుంటలో వెన్న బాగా నిలుస్తుంది" అనేవాడు క్విన్సీ. క్విన్సీ మా ల్యాబులో కుర్ర శాస్త్రజ్ఞుడు. చికాగో నుంచి వచ్చాడు. యంత్రం చెబితే తప్ప ఎండ కాస్తోందని కూడా నమ్మడు.

మా ఊరి చర్చిలో ఎల్మర్ అనే పెద్దాయన అంత్యక్రియలు జరిగిన రోజు సంగతి ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా చర్చిలో ఎవరు పోయినా హిల్డా స్టెన్‌బర్గ్ తురిమిన క్యారెట్ వేసి ఆకుపచ్చ జెల్లీ చేసి తెస్తుంది. దాన్ని ఎవరూ ఇష్టపడి తినరు, వద్దనే ధైర్యమూ ఎవరికీ లేదు. భోజనాల వరసలో అందరూ తలలు వంచుకుని నెమ్మదిగా నడుస్తున్నారు. ఆ జెల్లీ దగ్గర వరస ఆగిపోయింది. చూస్తే ఆర్డిస్ కళ్లు మూసుకుని ఉంది. ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఆర్డిస్ మాత్రం జెల్లీలో వేసింది.

"ఆర్డిస్, అది తినేది" అంది హిల్డా పళ్లు బిగించి.

"తెలుసు. ఊరికే పలకరిస్తున్నాను."

"ఏమంటోంది?"

"పట్టింది వదలనంటోంది. ఇంత మొండి జెల్లీని నేను ఎక్కడా చూడలేదు హిల్డా. దీన్ని ఎలా చేస్తావు?"

ఎల్మర్ భార్య అక్కడే ఉంది. రెండు రోజులుగా మాట్లాడని మనిషి ఫక్కున నవ్వింది. "మా ఆయన ఇదే మాట అనాలని జన్మంతా అనుకున్నాడు" అంది. ఆ తర్వాత ఆవిడకు మాటలు వచ్చాయి, మొగుడి కబుర్లు చెబుతూ చాలాసేపు కూర్చుంది. హిల్డా మాత్రం ఈస్టరు దాకా ఆర్డిస్‌తో మాట్లాడలేదు.

మా యూనివర్సిటీ డీన్ ప్రాట్ గదిలోని సోఫా కథ కూడా ఇలాంటిదే. ఆయన ముచ్చటపడి కొత్త తోలు సోఫా కొనుక్కున్నాడు. ఆర్డిస్ మైక్రోస్కోపు కావాలని అడగడానికి వెళ్లి, ఆయన కష్టాలు చెప్పుకుంటున్నంతసేపూ సోఫా చేతిని నొక్కుతూ కూర్చుంది. చివర్న లేచి, "పైకి గట్టిగా కనబడుతుంది కానీ కాసేపు ఆగితే ఒప్పుకుంటుంది" అంది. డీన్ అది తన గురించే అనుకున్నాడు. మైక్రోస్కోపు వచ్చింది.

ఆవిడకు ఈ అలవాటు ఊరికే రాలేదు. మేం చేసే పని అలాంటిది. మా ల్యాబులో జెల్ చేస్తాం, తలకు రాసుకునేది కాదు. అందులో చాలా భాగం నీళ్లే. మిగిలింది కంటికి ఆనని సన్నటి దారాలు. అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు కారిపోకుండా ముద్దలా నిలుస్తాయి. ఆ ముద్దలో ప్రాణమున్న కణాలను పెట్టి పెంచుతాం. మావి కండ కణాలు. ప్రమాదాల్లో తొడ కండో చేతి కండో పోగొట్టుకున్నవాళ్లకు ఎప్పటికైనా ఒక సజీవమైన అతుకు తయారు చేయాలని ఆర్డిస్ ఆశ.

చిక్కల్లా ఆ దారాల పట్టులోనే ఉంది. అవి ఒకదాన్నొకటి ఎప్పటికీ వదలకుండా పట్టుకుంటే, లోపలి కణం బఠాణీ గింజలా గుండ్రంగా ముడుచుకుని కూర్చుంటుంది. చావదు, ఎదగదు. మేం వాడే దారాలు అలా కాదు. కణం నెడితే పట్టు వదులుతాయి, వదిలి పక్కన మళ్లీ పట్టుకుంటాయి. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ ఆర్డిస్ దీన్ని చర్చి బెంచీతో పోల్చి చెప్పేది.

"నువ్వు ఆలస్యంగా వచ్చావనుకో. వరస మధ్యలో ఒక్క ఖాళీ ఉంది. కూర్చున్నవాళ్లు ఏం చేస్తారు? మోకాళ్లు పక్కకు తిప్పి దారిస్తారు. నువ్వు వెళ్లాక మళ్లీ సర్దుకుని కూర్చుంటారు. బెంచీ విరగలేదు, వరస చెదరలేదు, నీకు చోటు దొరికింది. అది మన జెల్. మోకాలు కదపనివాళ్లు కొందరుంటారు చూడు, వాళ్లు పాత జెల్."

"మా చర్చిలో అందరూ పాత జెల్లే" అన్నాడు క్విన్సీ.

అందుకే ఆవిడ నొక్కి ఉంచేది. వేలు పెట్టగానే తెలిసేది ఎంత గట్టిదో. ఉంచితే తెలిసేది పట్టు వదులుతుందో లేదో. "మనిషి కోపం మొదటి మాటలోనే తెలుస్తుంది. మంచితనం తెలియాలంటే కాసేపు కూర్చోవాలి" అనేది.

ఒక ఏడాది ఆకులు రాలే రోజుల్లో ఆవిడ పిచ్చి ముదిరింది. ల్యాబులో కొత్త చట్టాలు వచ్చాయి. జెల్ ఎంత గట్టిదో కొలిచే యంత్రం ఒకటి మాకుంది. రెండు బిళ్లల మధ్య జెల్ పెడితే మెల్లగా మెలితిప్పి అంకె చెబుతుంది. ఇక ముందు దాని దగ్గరికి వెళ్లేలోగా ప్రతివాళ్లూ కణాలు లేని ఉత్త జెల్‌ను ఒకటి తీసుకుని, కళ్లు మూసుకుని, నొక్కి, అదెలా ఉందో పైకి చెప్పాలి. "చూడకండి. నొక్కండి. చెప్పండి" అనేది ఆవిడ, కళ్లగంతలు ఆడించే టీచరులాగా.

చెప్పడానికి మాటలు కావాలి కదా. అవీ పుట్టుకొచ్చాయి. బాగా మెత్తనిది క్విన్సీ బుగ్గ. పట్టు వదలనిది హిల్డా జెల్లీ. మొదట గట్టిగా ఉండి తర్వాత దారికొచ్చేది డీన్ సోఫా. మేం కోరుకునేది అదే.

"నా బుగ్గను కొలతగా వాడటానికి నేను ఒప్పుకోలేదు" అన్నాడు క్విన్సీ.

"నిన్నెవరడిగారు నాయనా, బుగ్గ ఒప్పుకుంది" అంది ఆర్డిస్.

అంతటితో ఆగలేదు. సీసాలన్నిటికీ రబ్బరు బ్యాండ్లు పడ్డాయి. ఉప్పునీళ్ల సీసాకు ఒకటి, దారాల సీసాకు రెండు, దారాలను కలిపే మందుకు మూడు. బల్లల అంచులకు వేలికి తగిలేలా మందపాటి టేపు వచ్చింది. ఏ వస్తువు చోటు దానిదే, బెత్తెడు పక్కన పెట్టినా ఊరుకునేది కాదు. స్టూళ్లు వాడగానే బల్లకిందికి తోసెయ్యాలి.

"ఏమిటి ఆర్డిస్ ఇదంతా?" అని అడిగాను.

"కళ్లు మందగించాయి వెర్నా. సీసాల మీద అక్షరాలు అలికేసినట్టు కనబడుతున్నాయి. ముసలిదాన్ని, కాస్త ఓర్చుకోండి."

ఓర్చుకున్నాం. పైగా జాలిపడ్డాం. ఆవిడ కూడా ఆ జాలిని వదులుకోలేదు. డీన్ గదిలోకి వెళ్లి కోటు తగిలించే కర్రకు నమస్కారం పెట్టి, "బాగా చిక్కిపోయారు ప్రాట్‌గారూ" అనేదాకా వెళ్లింది.

ఈ కొత్త చట్టాలతో ఇబ్బంది పడనిది ఒక్క ఐలా టూమినెన్. ఐలా మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. ఉత్తరాన ఇనుప గనుల ఊరునుంచి వచ్చింది. తాతముత్తాతలు ఫిన్లాండు వాళ్లు. ఇద్దరు టూమినెన్‌లు ఒక గదిలో ఉంటే గోడగడియారం చప్పుడు తప్ప ఏమీ వినిపించదని ఆ పిల్లే చెప్పింది. జెల్ మీద వేలు పెట్టి ఐలా చెప్పిందంటే యంత్రం కూడా అదే చెప్పేది. ఆ పిల్లకు ఉన్న లోపమల్లా అన్నిటికీ తగులుకోవడం. స్టూలుకు తగిలేది, తలుపు రెక్కకు తగిలేది. మోకాళ్లు ఎప్పుడూ కమిలిపోయి ఉండేవి. "మా ఇంట్లో అందరం ఇంతే వెర్నా, కాళ్లు పొడుగు, బుర్ర పొట్టి" అని నవ్వేసేది.

కోటు కర్ర సంగతి అయ్యాక డీన్ నన్ను పిలిపించాడు. "కళ్లు కనబడని మనిషి యాసిడ్ల మధ్య తిరుగుతోందా? రేపే కళ్ల పరీక్ష చేయించి తీసుకురా. లేదంటే ల్యాబు క్విన్సీకి అప్పగించేస్తాను" అన్నాడు.

పిల్లిని స్నానానికి లాక్కెళ్లినట్టు ఆర్డిస్‌ను కళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. ఆయన ఎదురుగా గోడమీది అక్షరాలు చదవమన్నాడు.

"గోడ ఎక్కడుంది?" అంది ఆర్డిస్.

"మీ ముందే ఉంది. పైనున్న పెద్ద అక్షరం చెప్పండి."

"అక్షరమా? నేను కిటికీ అనుకున్నాను."

డాక్టరు ఆవిడ గడ్డాన్ని ఒక యంత్రం మీద ఆనించి, రెండు కళ్లలోకీ లైటు వేసి తీరిగ్గా చూశాడు. ఇంకో యంత్రంలో చూశాడు. తర్వాత కుర్చీ వెనక్కి జరుపుకుని, "అమ్మా, మీ కళ్లు నా కళ్లకంటే బాగున్నాయి" అన్నాడు.

"కాస్త తక్కువ చేసి చెప్పండి డాక్టరుగారూ" అని బతిమాలింది ఆర్డిస్. "డీన్ అడిగితే ఏదో కొంచెం మసక అనండి. మీకేం పోయింది?"

నా ఉద్యోగంలో క్షమాపణ చెప్పడం ఒక భాగమని ముందే చెప్పాను. డాక్టరుకూ ఒకటి చెప్పి, ఆవిడను బయటికి తీసుకొచ్చాను. కారు కొండ దిగుతుంటే ఆవిడ సరస్సు వైపు చూస్తూ, "పాపం, ఆ ఓడ పేరు మీద రంగు పెచ్చులూడిపోయింది" అంది. సరస్సులో ఓడ ఉందన్న సంగతే నాకు అప్పుడు తెలిసింది. కారు పక్కకు తీసి ఆపాను.

"ఇక చెప్పు."

"ఏం చెప్పను?"

"ఇంత చక్కగా కనబడుతుంటే కనబడటం లేదని ఎందుకన్నావు? ఆ రబ్బరు బ్యాండ్లు ఏమిటి, ఆ టేపులేమిటి?"

ఆవిడ కాసేపు నా కారు సీటు అంచు నొక్కుతూ కూర్చుంది. నేనూ తొందరపెట్టలేదు.

"మన ల్యాబులో ఒకరికి చూపు పోతోంది వెర్నా. అది నేను కాదు. ఎవరన్నది ఆ మనిషి నోటినుంచి రావాలి, నా నోటినుంచి కాదు. వచ్చేదాకా ఎవరో ఒకరికి కళ్లు కనబడకపోవాలి కదా. లేకపోతే ఆ బ్యాండ్లు ఎవరికోసమని అందరూ ఆరా తీస్తారు."

కమిలిన ఆ మోకాళ్లు నాకు గుర్తొచ్చాయి. పేరు నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

"నీకెలా తెలిసింది?"

"వేసవిలో మా పెరట్లో మంట వేసుకుని కూర్చున్నాం కదా అందరం. చీకటి పడుతుంటే కాఫీ కప్పు అందించాను. కప్పుకు జానెడు పక్కన గాలిని పట్టుకుంది. పట్టుకుని నవ్వేసి, చలికి వేళ్లు వంగటం లేదంది. జులై నెలలో."

"పిలిచి అడిగేస్తే పోయేది కదా."

"అడిగితే నిజమో అబద్ధమో ఏదో ఒకటి చెప్పాలి. ఏది చెప్పినా, చెప్పడానికి తను సిద్ధంగా లేని రోజున చెప్పాల్సొస్తుంది. తన రోజు తను చూసుకోనీ."

డీన్‌కు మాత్రం, డాక్టరు చుక్కల మందు వేశాడనీ, చూపు కుదుటపడుతోందనీ, అయినా రబ్బరు బ్యాండ్లు తీయొద్దన్నాడనీ చెప్పింది. నేను ఆ పక్కన నిలబడి సోఫా వైపు చూస్తూ ఉండిపోయాను.

చలికాలం ముదిరి సరస్సు అంచులు గడ్డకట్టే రోజులకు ఐలా పని అడ్డం తిరిగింది. అంతకుముందు దాకా చక్కగా చేతులు చాచిన కండ కణాలు గుండ్రంగా ముడుచుకుని కూర్చున్నాయి. ఎన్నిసార్లు పెట్టినా అంతే. జెల్‌ను క్విన్సీ యంత్రంలో పెట్టి చూశాడు. పాతదీ కొత్తదీ ఒకే అంకె. జెల్ బాగుంటే ఇక మిగిలింది ఐలా చెయ్యి. వసంతంలో పెద్దల కమిటీ కూర్చుని ఆ పిల్ల చదువు కొనసాగాలా వద్దా అన్నది తేల్చాలి. అప్పటికి చూపించడానికి బఠాణీ గింజలు తప్ప ఏమీ లేవు. ఐలా తిండి తగ్గించింది. ఉన్న కాసిని మాటలూ తగ్గించింది. జెల్ నొక్కే చట్టం కూడా పక్కన పెట్టి మైక్రోస్కోపు ముందే గంటలకొద్దీ కూర్చునేది.

ఒక మధ్యాహ్నం కణాల పళ్లెం పట్టుకుని వస్తోంది. క్విన్సీ ఏదో తీసుకుంటూ సొరుగు తెరిచి ఉంచాడు. మోకాలు తగిలింది. పళ్లెం నేలమీద పడింది. గాజు, జెల్, నీళ్లు, అన్నీ కలిసిపోయాయి.

"అయ్యో, చూసుకుని నడవచ్చు కదా ఐలా" అన్నాడు క్విన్సీ. కసిరినట్టు కూడా అనలేదు.

"నడవలేను" అంది ఐలా. "చూసుకుని నడవలేను."

అని, గోడ పట్టుకుని నేరుగా ఆర్డిస్ గదిలోకి వెళ్లింది. నేను చీపురు అందుకోబోతుంటే లోపలినుంచి, "వెర్నా, మీరూ రండి. ఒకసారే చెబుతాను" అని పిలిచింది.

చూపు పక్కలనుంచి మూసుకొస్తోందట. గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో మాత్రం కనబడుతుందట. పొద్దువాలితే ఆ గొట్టం కూడా మూసుకుపోతుందట. వాళ్ల నాయనమ్మకూ ఇలాగే వచ్చిందట. "కణాలను చూసి చెప్పాల్సిన పని ఇది. చూపులేనిదాన్ని ఇక్కడేం చేస్తాను? మానేస్తాను ఆర్డిస్. కణాలు కూడా నా తప్పువల్లే ఎదగలేదు. చుక్కలు సరిగా కొలిచి ఉండను."

నాకు తెలుసులే అని ఆర్డిస్ అంటుందని ఎదురుచూశాను. అనలేదు.

"ఇది మోస్తూ చాలాకాలం తిరిగావన్నమాట" అంది.

"అవును."

"అలసిపోయి ఉంటావు తల్లీ."

"అవును" అంది ఐలా. కూర్చుంది. ఆర్డిస్ గుంట పడిన రొట్టె ముక్క ఒకటి వెన్న రాసి చేతికిచ్చింది. ఆ పిల్ల మొత్తం తినేసింది.

"మానెయ్యడం గురించి రేపు మాట్లాడుకుందాం. ఇవాళ నాకో పని చేసిపెట్టు" అంటూ ఆర్డిస్ ఫ్రిజ్‌లోంచి రెండు గిన్నెలు తెచ్చి ముందు పెట్టింది. కణాలు లేని ఉత్త జెల్ రెంటిలోనూ. ఒకటి అక్టోబరులో చేసింది, ఒకటి మొన్న చేసింది. ఏది ఏదో చెప్పలేదు. "చూడకు. నొక్కు. చెప్పు."

ఐలా గ్లవ్స్ వేసుకుని మొదటి గిన్నెలో బొటనవేలు పెట్టింది. "డీన్ సోఫా" అంది. రెండోదాంట్లో పెట్టి, "ఇదీ డీన్ సోఫానే" అంది. తీయబోయి ఆగింది. గదిలో ముగ్గురం ఉన్నాం, ముగ్గురం టూమినెన్‌లమే అన్నట్టుంది.

"కాదు" అంది కొంతసేపటికి. "మొదటిది వదిలేసింది. ఇది వదలటం లేదు. నా వేలిని ఇంకా వెనక్కి నెడుతూనే ఉంది. ఇది హిల్డా జెల్లీ ఆర్డిస్."

గాజు పెంకులున్న చేటతో అంతా వింటూ గుమ్మంలో నిలబడ్డ క్విన్సీ, "అదెలా? రెండిటికీ ఒకే అంకె వచ్చింది. నేనే పెట్టాను" అన్నాడు.

"నువ్వూ నొక్కి చూడు."

క్విన్సీ చేట కింద పెట్టి, గ్లవ్స్ తగిలించుకుని, కళ్లు మూసుకుని నొక్కాడు. "నాకేమీ తేడా తెలియటం లేదు."

"తియ్యకు, ఉంచు. తొందరపడకు" అంది ఐలా.

ఉంచాడు. కొంచెంసేపటికి అతని కనుబొమలు పైకి లేచాయి.

"నవంబరులో కొత్త సీసా విప్పాను" అన్నాడు నెమ్మదిగా. "దారాలను కలిపే మందు. యంత్రాన్ని ఎంత గట్టి అని మాత్రమే అడిగాను. ఎంతసేపు పట్టుకుంటావని అడగలేదు. ఆ పరీక్షకు చాలాసేపు పడుతుందని మానేశాను. ఐలా, నీ చుక్కలు తప్పు కాదు. సీసా తప్పు."

మర్నాడు తీరిగ్గా ఆ పరీక్ష కూడా చేశాడు. ఆ సీసాలో ఏదో కల్తీ ఉంది. దారాలు పట్టుకున్నవి పట్టుకున్నట్టే ఉండిపోతున్నాయి, మోకాలు కదపటం లేదు. దాన్ని పారబోసి ఇంకొకటి తెప్పించాం. కొత్త జెల్‌లో ఐలా మళ్లీ కణాలు పెట్టింది. కొన్నాళ్లు ఏమీ కదలలేదు. తర్వాత ఒక పొద్దున క్విన్సీ మైక్రోస్కోపు ముందు కూర్చుని రేడియోలో హాకీ ఆట చెప్పేవాడిలాగా మొదలుపెట్టాడు.

"ఎడమ మూల ఒకటి సాగింది. చెయ్యి చాపింది. పక్కదానివైపు వెళ్తోంది. వెళ్తోంది, వెళ్తోంది. అందుకుంది ఐలా. పట్టుకుంది. వెనకనుంచి ఇంకోటి వస్తోంది."

ఐలా అతని పక్కన కూర్చుని కళ్లు మూసుకుని విన్నది. మధ్యలో, "మెల్లగా చెప్పు, రాసుకోవాలి" అంది.

ఆ సందడిలోనే క్విన్సీ ఒక సీసా అందుకుని, దాని రబ్బరు బ్యాండ్ల వైపు ఒకసారి చూసి, ఐలా వైపు చూసి, చివరికి ఆర్డిస్ వైపు చూశాడు. "అయితే ఈ బ్యాండ్లు..." అని ఆగిపోయాడు.

ఐలా తల తిప్పింది. "ఆర్డిస్, మీ కళ్లకు ఏమైందన్నారు?"

"వయసు" అంది ఆర్డిస్.

"సరస్సులో ఓడ పేరు చదివింది" అన్నాను నేను. ఎన్నాళ్లని కడుపులో దాచుకోను.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"ఏది?"

"నా సంగతి."

"కాఫీ కప్పు దగ్గర్నుంచి."

ఐలా క్విన్సీ చేతిలోని సీసా తీసుకుని దాని బ్యాండ్లను వేలితో లెక్కపెట్టింది. కోపం వచ్చిందేమో అనుకున్నాను.

"ఆ రోజు అసలు చలే లేదు కదూ" అంది చివరికి.

"నాకు చెమటలు పట్టాయి" అంది ఆర్డిస్.

"నాకు చెప్పచ్చు కదా."

"నువ్వూ నాకు చెప్పచ్చు."

ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు నవ్వడం మొదలుపెట్టారు. క్విన్సీ నవ్వలేదు. ఆ సాయంత్రం వెళ్లేముందు ల్యాబులోని సొరుగులన్నీ ఒక్కొక్కటే మూసుకుంటూ పోయాడు. అది అతనికి ఇప్పటికీ అలవాటు, ఇంట్లో కూడా మూస్తాడని వాళ్లావిడ చెప్పింది.

వసంతంలో కమిటీ పెద్దలు ఐలా పనిని మెచ్చుకుని కొనసాగించమన్నారు. ఆ వేసవిలో సియాటిల్‌లో జరిగే సభలో మాట్లాడమని ఐలాకు పిలుపు వచ్చింది. ఆర్డిస్ కూడా వెళ్తోంది. ఐలా చూపులేనివాళ్లు వాడే తెల్లకర్ర కొనుక్కుంది కానీ, దాన్ని మడిచి సంచీలోనే ఉంచేది. విమానాశ్రయంలో సాయానికి ఎవరినైనా పంపమని నేను ముందే చెప్పి పెట్టాను. ఇద్దర్నీ కారులో దింపి లోపలికి తీసుకెళ్లేసరికి, ఒక కుర్రాడు చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చాడు.

"మీ ఇద్దరిలో చూపు సరిగా లేనిది ఎవరికండీ?"

"నాకే బాబూ" అంది ఆర్డిస్, ఒక్క క్షణం తడుముకోకుండా. చెయ్యి కూడా చాపింది.

"కాదు, నాకు" అంది ఐలా.

అంతవరకు ఆ మాట మా ల్యాబు దాటి బయట ఎవరికీ చెప్పలేదా పిల్ల. సంచీలోంచి కర్ర తీసింది. మడతలు ఒక్కొక్కటే విప్పి నేలకు ఆనించింది. "నాకు కుర్చీ అక్కర్లేదు, నడవగలను. మీ మోచెయ్యి ఇస్తే చాలు. ఆవిడవి గద్ద కళ్లు, నమ్మకండి."

కుర్రాడు అయోమయంగా ఇద్దర్నీ చూశాడు. "మరి ఈవిడకేమైనా సాయం కావాలా?"

ఆర్డిస్ జవాబు చెప్పలేదు. అసలు చప్పుడే లేదు. ఐలా ఒక్క క్షణం ఆ నిశ్శబ్దాన్ని విని, నవ్వు ఆపుకుంటూ అంది.

"ఏం అక్కర్లేదు. కాసేపు ఆగండి, మీ కుర్చీని పలకరిస్తోంది."